రెండు కుంచెలు, ఒకటే పేరు: నీటిరంగుల బొమ్మల్లో మన పనిముట్లు



మాది తమిళనాడులో కంచి వైపు. మా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత మగ్గం, మగ్గం తర్వాత సంఘం లెక్కల పుస్తకం, ఇదే మా బ్రతుకు. అయినా చరిత్ర అంటే మాకు ఇష్టం. రాజుల చరిత్ర కాదు, మన చేతిలో ఉన్న వస్తువుల చరిత్ర. నాడె ఎక్కడినుంచి వచ్చింది, రాట్నం ఎవరి చేతిలో తిరిగింది, అది తెలుసుకోవాలని ఉంటుంది. అటువంటి చరిత్ర పుస్తకాల్లో తక్కువ. కానీ బొమ్మల్లో ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట మన దక్షిణ దేశంలోనే కాగితం మీద నీటిరంగులతో వేసిన బొమ్మల్లో మన పనిముట్లు ఉన్నాయి. ఆ సంగతి నాలుగు మాటల్లో చెబుదామని ఈ వ్యాసం.

ముందు ఒక్క మాట గురించి చెప్పాలి. కుంచె అంటే ఈ రోజు పిల్లలకు బొమ్మలు వేసే బ్రష్షు. మన ఇళ్ళలో కుంచె అంటే అది కాదు. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకొని పోగుల మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా దువ్వుకుంటూ పోయే పెద్ద కుంచె. వేళ్ళతో, నారతో బిగించి కట్టేవాళ్ళు. చిత్రకారుడి కుంచె ఉడుత తోక వెంట్రుకలతో కట్టింది, వేలంత ఉంటుంది. మనది చేతులు చాచి పట్టుకోవాలి. అయినా తెలుగులో రెండింటికీ పేరు ఒకటే. ఆలోచిస్తే రెండూ చేసే పనీ దగ్గరిదే. మన కుంచె గంజిని పోగుకు పట్టిస్తుంది, ఆయన కుంచె రంగును కాగితానికి పట్టిస్తుంది. గంజిలో జిగట లేకపోతే పోగు పీచు లేస్తుంది. రంగులో తుమ్మబంక లేకపోతే ఆరిన తర్వాత పొడిగా రాలిపోతుంది. ఆయన నీలిరంగూ మన నీలిరంగూ ఒకే చెట్టు నీలిమందు. కాబట్టి ఆ చిత్రకారుడు మనకు మరీ పరాయివాడు కాడు.

బొమ్మలు ఎవరికోసం వేశారు

ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బట్టల కోసం మన తీరానికి వచ్చారు. 1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టారు. తర్వాత మద్రాసులో కోట కట్టుకున్నారు. నేతవాళ్ళు దగ్గర్లో ఉంటే పని సులువని 1734లో, జార్జ్ మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు, నూలు వడికేవాళ్ళను, నేసేవాళ్ళను, బట్టమీద రంగులద్దేవాళ్ళను, బట్టలు ఉతికి తెలుపు చేసేవాళ్ళను తెచ్చి ఒక పేట కట్టించారు. అదే ఈనాటి చింతాద్రిపేట. తమిళంలో చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట. చెన్నై వెళ్ళే మనవాళ్ళు ఆ స్టేషన్ పేరు చదువుతూనే ఉంటారు, అందులో మగ్గం ఉందని చాలామందికి తెలియదు.

ఆ కంపెనీ ఉద్యోగస్తులకు, సిపాయి దొరలకు, వాళ్ళ దొరసానులకు ఈ దేశం అంతా వింతగా ఉండేది. కెమెరా ఇంకా పుట్టలేదు. ఇంటికి ఉత్తరం రాస్తే చాలదు, చూపించాలి. అందుకని ఇక్కడి చిత్రకారులను పిలిపించి, ఈ దేశంలో ఎవరెవరు ఏ పని చేస్తారో బొమ్మలు వేయించుకున్నారు. 1770ల తర్వాత మొదలై సుమారు వంద ఏళ్ళు ఈ పని సాగింది. వీటిని ఇప్పుడు కంపెనీ చిత్రాలు అంటున్నారు. మన వైపు తంజావూరు, తిరుచిరాపల్లి, వెల్లూరు, మద్రాసు ఈ పనికి పేరుపడ్డ చోట్లు. తిరుచిరాపల్లిలో కాగితం బదులు పలుచని అభ్రకం రేకుల మీద కూడా వేసేవాళ్ళు. కొన్ని పెట్టెల్లో ఒక ముఖం బొమ్మ విడిగా ఉండేది, దాని మీద పెట్టడానికి తల లేని అభ్రకం రేకులు బోలెడు. ఒక రేకు పెడితే ఒక వృత్తి, ఇంకో రేకు పెడితే ఇంకో వృత్తి. పిల్లల ఆటలాగ ఉంటుంది.

ఇంగ్లీషువాళ్ళు ఒక్కరే కాదు. యానాంలో ఉన్న మన బంధువులకు ఫ్రెంచివాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు, 1954 దాకా అక్కడ వాళ్ళ పాలనే. ఫ్రెంచివాళ్ళు కూడా పుదుచ్చేరి వైపు ఇలాంటి ఆల్బములు వేయించుకొని తీసుకుపోయారు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో అవి ఉన్నాయి. సొన్నెరా అనే ఫ్రెంచి యాత్రికుడు 1782లో అచ్చువేసిన పుస్తకంలోనూ ఈ తీరంలోని చేతిపనులవాళ్ళ బొమ్మలు పెట్టాడు.

కర్ణాటకలో ఉన్న మనవాళ్ళకు ఇంకో పేరు చెప్పాలి. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మద్రాసులో బయలుదేరి మైసూరు, కన్నడ, మలబారు దేశాలు తిరిగి, ఊరూరా ఏ పని ఎలా చేస్తున్నారో రాసుకున్నాడు. దేవాంగుల గురించి, తొగట, పద్మసాలె వాళ్ళ గురించి అందులో ఉంది. 1807లో మూడు సంపుటాలుగా అచ్చయింది. సేద్యపు పనిముట్ల చిత్రాలు కూడా అందులో వేశారు.

వేసినవాళ్ళూ మనలాగే వచ్చినవాళ్ళు

ఈ సంగతి చదివినప్పుడు మాకు చాలా సంతోషమైంది. తంజావూరు చిత్రకారుల్లో చాలామంది రాజులు అనబడే కులంవాళ్ళు. మదురై వైపు నాయుళ్ళు. వీళ్ళ ఇంటి భాష తెలుగు. విజయనగరం పడిపోయిన తర్వాత, నాయక రాజుల కాలంలో, రాయలసీమ వైపునుంచి దక్షిణానికి వచ్చినవాళ్ళని చరిత్రకారులు చెబుతారు. మన పెద్దలు కూడా మగ్గం విప్పి భుజాన వేసుకొని అదే దారిన దిగివచ్చినవాళ్ళే కదా. వాళ్ళు గుళ్ళకు, మఠాలకు దేవుళ్ళ పటాలు వేసేవాళ్ళు. బంగారు రేకు, రాళ్ళు పొదిగిన తంజావూరు పటం మనందరికీ తెలిసినదే. తంజావూరు రాజ్యం పరిపాలన 1799లో కంపెనీ చేతికి పోయింది. శరభోజి మహారాజు కొంతమంది చిత్రకారులకు పని ఇచ్చాడు. వైద్యానికి సంబంధించిన కంటి బొమ్మలు కూడా వేయించాడు. కానీ కొత్త గిరాకీ దొరల దగ్గర ఉంది. దేవుళ్ళను వేసిన చెయ్యి కమ్మరిని, కుమ్మరిని, సాలెను వేయడం మొదలుపెట్టింది.

అప్పుడు నేతగాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని బొమ్మ వేసిన చిత్రకారుడు, ఆ నేతగాడు, ఇద్దరూ తెలుగులో మాట్లాడుకొని ఉండవచ్చు. ఏ ఊరు మీది, ఎన్ని తరాలైంది వచ్చి, అని అడుక్కొని ఉండవచ్చు. ఆ మాటలు ఎవరూ రాయలేదు. దొర ఇంగ్లీషులో కింద ఒక్క ముక్క రాసుకున్నాడు: ఫలానా కులం నేతవాడు, అతని భార్య. అంతే.

పనిముట్టే పేరు

ఆ బొమ్మలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. మొగుడూ పెళ్ళామూ పక్కపక్కన నిలబడి ఉంటారు. కాళ్ళ కింద కాస్త నేల, వెనక ఆకాశం. ఇల్లు ఉండదు, వీధి ఉండదు. చేతిలో మాత్రం పనిముట్టు ఉంటుంది. కల్లుగీసే ఆయనకు కత్తి, మోకు, కుండ. కమ్మరికి సుత్తి. వడ్రంగికి బాడిస. కంసాలికి ఊదుగొట్టం. దూదేకే ఆయనకు విల్లు. కుమ్మరికి సారె. నేతవాడికి మగ్గం, ఆయన ఇల్లాలికి రాట్నం.

మనిషి ముఖాలు చూస్తే ఒకరికొకరికి పెద్ద తేడా ఉండదు. పనిముట్టు తీసేస్తే ఎవరు ఎవరో చెప్పలేము. అంటే ఆ బొమ్మలో మనిషికి గుర్తు పనిముట్టే. కొన్నవాడికి అది చాలు. ఆయనకు కావలసింది మన తాత పేరు కాదు, మన తాత రకం. అందుకే ఆ బొమ్మల్లో ఉన్నవాళ్ళు ఎవరో ఈనాటికీ తెలియదు. వేసినవాళ్ళ పేర్లు కూడా చాలావాటికి తెలియవు. కంపెనీ కాగితాల్లో వాళ్ళందరికీ కలిపి మూచీలు అని ఒకటే మాట.

పేరు దక్కిన ఒకాయన ఉన్నాడు. వెల్లూరు ఎల్లప్ప. 1832 నుంచి 1835 మధ్య బొమ్మలు వేశాడు. అందరినీ వేసినట్టే, బొమ్మ వేస్తున్న తనను కూడా తాను వేసుకున్నాడు. 2019 డిసెంబరులో లండన్ వాలెస్ కలెక్షన్ అనే చోట ఇలా మరుగునపడ్డ మన దేశపు చిత్రకారుల బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. అందులో ఎల్లప్పకు కూడా చోటిచ్చారు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరు నలుగురి నోట్లో పడిందంటే, ఆయన తన పనిని కూడా ఒక పనిగా ఎంచి కాగితం మీద పెట్టుకోబట్టే అని మాకు అనిపిస్తుంది. అది మనం నేర్చుకోవలసిన సంగతి.

మగ్గం తెలిసినవాళ్ళు చూస్తే

ఇప్పుడు లండన్ మ్యూజియములు, అక్కడి గ్రంథాలయం తమ దగ్గర ఉన్న బొమ్మలు చాలావాటిని ఇంటర్నెట్టులో పెట్టాయి. మా సంఘం ఆఫీసులో ఒక మధ్యాహ్నం కంప్యూటరులో వాటిని పెద్దవి చేసి, మా ఊరి పెద్ద నేతగాళ్ళకు చూపించాం. మ్యూజియం పండితులకు కనిపించనిది వాళ్ళకు కనిపించింది.

ఒక తాత మొదట అడిగింది, కాళ్ళేవీ అని. గుంట మగ్గంలో కాళ్ళు గుంటలో ఉంటాయి. ఒక కాలు తొక్కితే సగం పోగులు లేస్తాయి, ఇంకో కాలు తొక్కితే మిగతా సగం. నేతలో సగం పని కాళ్ళదే. బొమ్మ వేసిన ఆయనకు గుంటలోపల కనిపించదు, కాబట్టి అది కాగితం మీదకు రాలేదు. ఇంకొకాయన పడుగు చూసి నవ్వాడు. ఇంత వదులుగా ఉంటే నాడె పోయినట్టే, పోగుల్లో చిక్కుకొని కింద పడుతుంది అన్నాడు. పన్నె పళ్ళు చిత్రకారుడు ఇష్టం వచ్చినట్టు గీశాడు, లెక్క లేదు. బట్ట అంచు ముడుచుకోకుండా అడ్డంగా పట్టే వంగిన కర్ర కూడా ఒక బొమ్మలో లేదు. అది లేకుండా నేస్తే బట్ట లోపలికి లాక్కుపోతుందని మగ్గం ఎక్కిన పిల్లవాడికి కూడా తెలుసు.

అయితే ఒక అవ్వ చాలాసేపు రాట్నం బొమ్మనే చూసింది. తిప్పే చెయ్యి, నూలు పట్టిన చెయ్యి, రెండూ సరిగ్గా ఉన్నాయంది. నూలు పట్టిన చెయ్యి వెనక్కి ఎంత దూరం పోవాలో అంతే దూరం పోయింది. వీళ్ళ ఇంట్లో ఎవరో రాట్నం తిప్పి ఉంటారు, లేకపోతే ఇంత బాగా రాదు అని ఆమె తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇంకో సంగతి నాడె. ఆ కాలం మగ్గాల్లో నేతగాడు నాడెను చేత్తో విసిరి రెండో చేత్తో పట్టుకోవాలి. తాడు లాగితే దానంతట అదే పరుగెత్తే నాడెను ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన 1733లోనే కనిపెట్టాడు. కానీ మన మద్రాసు రాష్ట్రంలో అది ఊరూరా పాకింది 1900 తర్వాతనే. సేలంలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే అధికారి ప్రభుత్వం తరఫున మగ్గాల కార్ఖానా నడిపి కొత్త మగ్గాలను ప్రయత్నించిందీ ఆ రోజుల్లోనే. కాబట్టి కంపెనీ చిత్రంలో చేత్తో విసిరే నాడె చూస్తే అది చిత్రకారుడి ఊహ కాదు, ఆనాటి పని పద్ధతి అదే. పట్టు చీరకు కోర్వై అంచు నేసే మా కంచి మగ్గం మీద ఈ రోజు కూడా అంచు నాడె చేత్తోనే వెళుతుంది, పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ బొమ్మ మా కళ్ళ ముందు ఇంకా బతికే ఉంది.

ఆ ఆల్బముల్లో ఇల్లాలు ఎప్పుడూ రాట్నం దగ్గరే, లేదా మొగుడి పక్కనే. నేసేది మగవాడు, సాయం చేసేది ఆడమనిషి అని ఆ బొమ్మ చెబుతుంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత లెక్కల్లో దేశం మొత్తంలో చేనేత పనివాళ్ళు 35 లక్షలకు పైగా తేలారు. వాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. ఈ రోజు ఎవరైనా నిజమైన బొమ్మ వేయాలంటే మగ్గం మీద కూర్చోబెట్టవలసింది అక్కచెల్లెళ్ళను.

బట్టలు తగ్గాయి, బొమ్మలు పెరిగాయి

కంపెనీ చిత్రాల తేదీలు, మన నేత చరిత్ర తేదీలు పక్కపక్కన రాసుకుంటే ఒక చేదు సంగతి బయటపడుతుంది. 1813లో కంపెనీకి ఈ దేశపు వ్యాపారం మీద ఉన్న గుత్త పోయింది. మాంచెస్టరు మిల్లు బట్ట ఓడల్లో దిగడం మొదలైంది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది, పాలన ఒక్కటే మిగిలింది. మన తీరంలో విదేశాలకు నేసే మగ్గాలకు అడిగేవాడు లేకుండా పోయాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఈ బొమ్మల ఆల్బములు, అభ్రకం పెట్టెలు జోరుగా అమ్ముడయ్యాయి. అంటే మన చేతి బట్ట కొనడం మానేసినవాళ్ళే, ఆ బట్ట నేసే చెయ్యి బొమ్మను కొనుక్కుపోయారు. కోపంతో చెప్పడం లేదు, తేదీలు అలా ఉన్నాయి.

ఇక 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టల్లోంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అతికించాడు. ఎందుకంటే ఇక్కడివాళ్ళు ఎలాంటి బట్ట కడతారో చూసి, అక్కడి మిల్లులు అలాంటిదే తయారుచేసి ఇక్కడ అమ్ముకోవాలని. బట్ట ముక్కలు కూడా ఆల్బములోకి ఎక్కాయి. ఆ తర్వాత కెమెరా వచ్చింది. 1868 నుంచి 1875 వరకు ఈ దేశపు మనుషుల ఫోటోలతో ఎనిమిది సంపుటాలు ప్రభుత్వమే వేయించింది. నీటిరంగుల బొమ్మలకు గిరాకీ పోయింది. నేతగాడి తర్వాత ఆయన బొమ్మ వేసిన చిత్రకారుడి పని కూడా పోయింది. యంత్రం ముందు ఒకరి ఇంటికి వస్తుంది, తర్వాత పక్కింటికి వస్తుంది.

మనకోసం వేసిన బొమ్మలు

ఇతరుల కోసం వేసిన బొమ్మలే ఉన్నాయా, మనం మనకోసం వేయించుకున్నవి లేవా అంటే, ఉన్నాయి. తెలంగాణలో చేర్యాల నకాషీలు వేసే పటాలు అవి. నూలు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి గట్టిపరచి, దాని మీద నీళ్ళలో నానే రంగులతో కథంతా వరసగా వేస్తారు. పద్మశాలీల కోసం మార్కండేయ పురాణం, భావనారుషి కథ. కూనపులి వాళ్ళు ఆ పటం విప్పి ఊళ్ళో రాత్రంతా కథ చెబుతారు. షోలాపూరు, భివండి వెళ్ళిన మనవాళ్ళ పెద్దలకు ఇది బాగా గుర్తుండాలి, వాళ్ళు అక్కడినుంచి వచ్చినవాళ్ళే కదా. భావనారుషి తామరతూడుల దారంతో దేవతలకు బట్ట నేశాడని కథ. ఆ కథలో మగ్గం వింత వస్తువు కాదు, పూజనీయమైన వస్తువు. నేసేవాడికి పేరుంది, తల్లిదండ్రులున్నారు, పెళ్ళి ఉంది, కష్టం ఉంది. లండన్ ఆల్బములో లేనివన్నీ చేర్యాల పటంలో ఉన్నాయి. అక్కడ పనిముట్టు మనిషికి చీటీ లాంటిది. ఇక్కడ ఆ పనిముట్టుకు కూడా ఒక కథ ఉంది.

ఇంకో ఉదాహరణ 1938 ఫిబ్రవరిలో గుజరాత్ హరిపురలో కాంగ్రెస్ మహాసభ. గాంధీగారు అడిగితే శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్, ఆయన శిష్యులు కలిసి చేతి కాగితం మీద మట్టిరంగులతో సుమారు 400 బొమ్మలు వేశారు. వడికేవాళ్ళు, వడ్రంగులు, కమ్మరులు, దంచే ఆడవాళ్ళు, డోలు వాయించేవాళ్ళు, ఇలా పల్లెలో పనిచేసే మనుషులే అందులో అంతా. ఆ బొమ్మలు పెట్టెలో దాచుకొని ఓడలో తీసుకుపోవడానికి కాదు. సభకు నడిచి వచ్చే పల్లెజనం దారిలో ఆగి చూడడానికి, అరే, ఇది మన పనే అనుకోవడానికి. కంపెనీ బొమ్మలో మనిషి పనిముట్టు పట్టుకొని చూపిస్తూ నిలబడి ఉంటాడు. హరిపుర బొమ్మలో మనిషి వంగి పని చేస్తూ ఉంటాడు. ఎవరు చూస్తారని వేశారో దాన్నిబట్టి బొమ్మ మారుతుంది.

పోతున్న మాటలు

ఇప్పుడు మన సంగతి. మా వైపు ఇళ్ళు బాగుచేయించుకున్నప్పుడు ముందు పూడ్చేది మగ్గం గుంటనే. పైన టైల్స్ వేస్తారు. కొయ్య మగ్గం దూలాలు కట్టెల అడితికి పోతాయి. వీధిలో పడుగు దువ్వే పెద్ద కుంచె మా ఊళ్ళో పట్టుకొని చూసినవాళ్ళే కొద్దిమంది మిగిలారు. సన్నని బద్దలు వరసగా కట్టి పన్నె చేసేవాళ్ళు తగ్గారు, ఇనుప పన్నె కొని తెచ్చుకుంటున్నాం. తప్పని చెప్పడం లేదు, బ్రతకాలి కదా. వస్తువు పోతే మాత్రం దానితోపాటు మాట కూడా పోతుంది.

మన సమాఖ్యలో ఐదు చోట్ల తెలుగు కుటుంబాలున్నాయి. మన ఇళ్ళలో మగ్గం, చుట్టుపక్కల తమిళంలో తరి, కన్నడంలో మగ్గ, మరాఠీలో మాగ్, ఒడియాలో తంత. మన నాడెను తమిళవాళ్ళు నాడా అంటారు, కన్నడవాళ్ళు లాళి అంటారు, మరాఠీవాళ్ళు ధోటా అంటారు. మన పడుగూ పేకా తమిళంలో పావు, ఊడై. కన్నడంలో హాసు, హొక్కు. మూడు నాలుగు వందల ఏళ్ళు వేరే భాషల మధ్య ఉండి కూడా మన పెద్దలు పడుగు, పేక, నాడె, కండె, చిలప, దోనె అనే మాటలు వదలలేదు. బడిలో తెలుగు లేదు, బోర్డుల మీద తెలుగు లేదు, మగ్గం మీద ఉంది. బరంపురంలో పట్టు నేసే ఇంట్లోనైనా, దొడ్డబళ్ళాపురంలోనైనా తెలుగు నిలిచింది కొంతవరకు మగ్గం పుణ్యాన. ఇప్పుడు పిల్లలకు అవన్నీ రీడు, షటిల్, బాబిను అయ్యాయి. మగ్గం పోయిన ఇంట్లో తెలుగు ఇంకెన్నాళ్ళు ఉంటుందో మనం ఆలోచించుకోవాలి.

ఇక మనం చేయవలసింది

కంపెనీ చిత్రాలు మన పనిముట్లను కాపాడాయి, వాటి పేర్లను కాపాడలేదు. మనుషుల పేర్లను అసలే కాపాడలేదు. ఆ కొరత తీర్చవలసింది మనమే, ఇంకెవరూ తీర్చరు. అందుకని మా సంఘం తరఫున సమాఖ్యకు, అన్ని ఊళ్ళ కుటుంబాలకు ఒక మనవి.

ప్రతి ఇంటి పిల్లలు ఇంట్లో మిగిలిన ఒక్కొక్క పనిముట్టుకు నీటిరంగులతో బొమ్మ వేయాలి. ఖరీదైన రంగులు అక్కరలేదు, బడిలో వాడే రంగుల పెట్టె చాలు. ఫోటో తీస్తే సరిపోదా అని అడుగుతారు. ఫోటో తీయడానికి ఒక్క క్షణం చాలు, చూడకుండా కూడా తీయవచ్చు. బొమ్మ వేయాలంటే గంటసేపు ఆ నాడెను చూడాలి. కొస ఎందుకు అలా వంగింది, మధ్యలో కండె పెట్టే గాడి ఎంత లోతు, చెయ్యి తగిలి తగిలి ఎక్కడ నున్నబడింది, ఇవన్నీ కంట్లో పడతాయి. అడిగితే అవ్వ చెబుతుంది, తాత చెబుతాడు. ఆ గంటసేపు వాళ్ళిద్దరూ కలిసి కూర్చుంటారు. మాకు అదే ముఖ్యం.

వేసేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుంటే మంచిది. పనిముట్టును ఒంటరిగా వేయకండి, పట్టుకున్న చెయ్యితో కలిపి వేయండి. కనిపించే వైపు ఒక్కటే కాకుండా కింద వైపు, లోపలి వైపు కూడా వేయండి, గుంటలో ఉన్న కాళ్ళను మరిచిపోకండి. పక్కన ఒక స్కేలు గీత పెట్టండి, ఎంత పొడవో తెలియాలి. ముక్కలు ముక్కలుగా ఉన్నవాటిని విడదీసి పక్కపక్కన పరిచి వేయండి. 1850 తర్వాత కశ్మీరులో తయారైన ఒక ఆల్బములో ఒక్కొక్క వృత్తివాడితోపాటు అతని పనిముట్లు కూడా ఇలా పరిచినట్టు వేశారు. ఆ పద్ధతి మనకు బాగా పనికొస్తుంది.

బొమ్మ కింద మూడు మాటలు తప్పకుండా రాయాలి. మీ ఇంట్లో దాన్ని ఏమంటారు, తెలుగు అక్షరాల్లో. రాయడం రాకపోతే ఫోనులో చెప్పి రికార్డు చేయండి, మేము రాసి పెడతాం. రెండోది, అది దేనితో చేశారు, ఏ కొయ్య, ఏ నార. మూడోది అన్నిటికంటే పెద్దది, అది ఎవరిది. ఏ అవ్వ తిప్పిన రాట్నం, ఏ తాత విసిరిన నాడె, వాళ్ళ పేరు పూర్తిగా రాయాలి. ఫలానా కులం నేతవాడు, అతని భార్య అని రాసి ఊరుకున్న రోజులు అయిపోయాయి.

ఐదు రాష్ట్రాల నుంచి అలా వచ్చిన బొమ్మలన్నీ ఈ డిజిటల్ సంచిక పక్కనే ఒక ఆల్బముగా పెడితే, నాడెకు ఎన్ని రూపాలున్నాయో, ఎన్ని పేర్లున్నాయో ఒకేచోట కనిపిస్తాయి. కాగితం ఖర్చు కూడా లేదు. మా సంఘంలో దసరా సెలవుల నుంచి పిల్లలను కూర్చోబెట్టి ఈ పని మొదలుపెడుతున్నాం. మొదట వేయించేది గంజి కుంచె బొమ్మ. ఆ కుంచె పట్టి పడుగు దువ్విన ముగ్గురు పెద్దలు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉండగానే ఆ బొమ్మ కింద వాళ్ళ పేర్లు పడాలి.